బ్రేక్ ఆయిల్ తగ్గితే పోస్తున్నారా? ముందు అది ఎటు పోతోందో చూడండి

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. ఈసారి టాపిక్ మా నాన్న కారు. పద్దెనిమిదేళ్ల పాత చిన్న హ్యాచ్‌బ్యాక్. ఖమ్మంలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంటుంది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే.

ఒక ఆదివారం నాన్న ఫోన్ చేసి మామూలుగా మాట్లాడుతూ మధ్యలో అన్నారు. "ఏరా, బండి మలుపు తిరిగినప్పుడల్లా ఎర్ర లైటు వెలిగి ఆరిపోతోంది. హ్యాండ్ బ్రేక్ స్విచ్ పోయినట్టుంది. వచ్చే వారం అమ్మని తీసుకుని శ్రీశైలం వెళ్తున్నాం కదా, వచ్చాక చూపిస్తాలే."

నేను అడిగాను, "నాన్నా, బ్రేక్ ఆయిల్ చూశారా?"

"ఆ, తగ్గిందిరా. మెకానిక్ పోశాడు. రెండు నెలల్లో రెండుసార్లు పోశాడు. ఏం కాదు, పాత బండి కదా, తాగుతుంది అన్నాడు."

ఫ్రెండ్స్, ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. పాత ఇంజిన్ ఆయిల్ తాగుతుంది, అది నిజమే. ఇంజిన్ లోపల కొంత ఆయిల్ కాలిపోతుంది. కానీ బ్రేక్ సిస్టమ్‌లో కాలేది ఏమీ లేదు. అది మూసి ఉన్న సర్క్యూట్. అందులోంచి ఫ్లూయిడ్ తగ్గిందంటే ఎటో ఒకవైపు వెళ్లింది. ఎటు వెళ్లిందో కనిపెట్టకుండా మళ్లీ పోయడం అంటే, సర్వర్ క్రాష్ అయిన ప్రతిసారీ లాగ్స్ చూడకుండా రీస్టార్ట్ కొట్టినట్టే. ఆఫీసులో అలా చేస్తే మహా అయితే మేనేజర్ తిడతాడు. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు అలా జరిగితే?

అదే ఈరోజు ఎపిసోడ్. లీక్ ఉందో లేదో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి, ఎక్కడ ఉందో ఎలా పట్టుకోవాలి, రిపేర్ ఎలా జరుగుతుంది, ఏం అడగాలి, ఏం ఒప్పుకోకూడదు. ముందే ఒక మాట. నేను మెకానిక్‌ని కాదు. కనిపెట్టే పని నేను చేశాను. విప్పే పని తెలిసిన మనిషి చేశారు, నేను పక్కన ఉండి సాయం చేశాను. మీరు కూడా అలాగే చేయండి.

ఆ ఎర్ర లైటు ఎందుకు వెలుగుతుంది?

చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మీద బ్రేక్ వార్నింగ్ లైటు ఒక్కటే ఉంటుంది. దానికి పనులు మాత్రం రెండు. హ్యాండ్ బ్రేక్ లాగితే వెలుగుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ లెవెల్ తగ్గినా అదే లైటు వెలుగుతుంది. అందుకే చాలామంది "హ్యాండ్ బ్రేక్ లైటు" అనుకుని వదిలేస్తారు.

బానెట్ ఎత్తితే డ్రైవర్ సీటుకి ఎదురుగా, వెనక గోడ దగ్గర, ఒక చిన్న తెల్లటి ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. అదే రిజర్వాయర్. దాని మీద మ్యాక్స్, మిన్ అని రెండు గీతలు ఉంటాయి. లోపల ఒక చిన్న ఫ్లోట్ తేలుతూ ఉంటుంది. లెవెల్ పడిపోతే ఫ్లోట్ కిందికి దిగి లైటు వెలిగిస్తుంది. లెవెల్ సరిగ్గా బోర్డర్‌లో ఉందనుకోండి, మలుపులో ఫ్లూయిడ్ ఒక పక్కకి ఒరుగుతుంది, లైటు వెలుగుతుంది. బండి నిటారుగా వచ్చాక ఆరిపోతుంది.

అంటే నాన్న చెప్పిన "మలుపు తిరిగితే వెలుగుతోంది" అన్న మాటలోనే సగం డయాగ్నసిస్ ఉంది. స్విచ్ పాడైతే దానికి మలుపులతో సంబంధం ఏముంటుంది?

రెండు సిరంజిల ప్రయోగం

స్కూల్లో పాస్కల్ సూత్రం చదివాం కదా. రెండు సిరంజిలు తీసుకోండి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. మధ్యలో సన్నటి ట్యూబ్ పెట్టి నీళ్లు నింపండి. చిన్నదాన్ని నొక్కితే పెద్దది కదులుతుంది. పెద్ద దాని వైశాల్యం నాలుగు రెట్లు ఉంటే బలం కూడా నాలుగు రెట్లు వస్తుంది. మీ కారు బ్రేక్ అంటే ఇంతే. మీ పాదం కింద ఉన్న చిన్న సిరంజి పేరు మాస్టర్ సిలిండర్. చక్రాల దగ్గర ఉన్న సిరంజిల పేర్లు ముందువైపు డిస్క్ ఉంటే క్యాలిపర్, వెనక డ్రమ్ ఉంటే వీల్ సిలిండర్.

ఇప్పుడు ఆ ట్యూబ్‌కి పిన్నుతో ఒక చిల్లు పెట్టండి. నొక్కిన కొద్దీ నీళ్లు బయటికి పోతాయి, అవతల బలం తగ్గుతుంది. చిల్లు లేకుండా లోపల ఒక గాలి బుడగ ఉన్నా సమస్యే. ద్రవం అంత సులభంగా నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. మీరు నొక్కిన బలం అంతా బుడగని నలపడానికే సరిపోతుంది. పెడల్ స్పాంజ్ లాగా మెత్తగా అనిపించేది అందుకే.

మరి రెండు నెలలుగా లీక్ ఉన్నా నాన్న కారు ఎలా ఆగుతోంది? మాస్టర్ సిలిండర్‌లో రెండు వేర్వేరు సర్క్యూట్లు ఉంటాయి. చాలా చిన్న కార్లలో ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒక సర్క్యూట్. మిగతా రెండూ ఇంకో సర్క్యూట్. రిజర్వాయర్ లోపల కూడా అడ్డుగోడ ఉంటుంది. ఒక సర్క్యూట్ పూర్తిగా పోయినా రెండోది పనిచేయాలని డిజైన్. కాకపోతే పెడల్ లోతుగా దిగుతుంది, బండి ఆగడానికి చాలా ఎక్కువ దూరం పడుతుంది.

ఇంకో విషయం. లీక్ చిన్నదైతే, రిజర్వాయర్‌లో ఫ్లూయిడ్ ఉన్నంతసేపు బ్రేక్ బాగానే అనిపిస్తుంది. "బాగానే ఆగుతోంది" అనే మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు.

లెవెల్ తగ్గితే లీక్ ఉన్నట్టేనా?

కాదు, రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది మామూలు కారణం. డిస్క్ ప్యాడ్లు అరిగే కొద్దీ క్యాలిపర్ పిస్టన్ కొంచెం కొంచెం బయటికి వస్తుంది. దాని వెనక ఖాళీని నింపడానికి ఫ్లూయిడ్ వెళ్తుంది. అందుకని వేల కిలోమీటర్ల మీద లెవెల్ నెమ్మదిగా తగ్గుతుంది. అప్పుడు చూడాల్సింది ప్యాడ్లు. అరిగిన ప్యాడ్లతో మ్యాక్స్ దాకా నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసినప్పుడు పిస్టన్ వెనక్కి వెళ్లి ఫ్లూయిడ్ పొంగి బయటికి వస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ పెయింట్‌ని తినేస్తుంది. పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

రెండోది లీక్. తేడా ఎలా తెలుస్తుంది? స్పీడు. నెలల్లో తగ్గితే ప్యాడ్లని అనుమానించవచ్చు. రోజుల్లో, వారాల్లో తగ్గితే లీక్.

నాన్నకి ఒకటే పని చెప్పాను. రోజూ పొద్దున, బండి స్టార్ట్ చేయకముందు, అదే చోట, రిజర్వాయర్‌కి దగ్గరగా ఒక ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. మొదటి రోజు లెవెల్ దగ్గర మార్కర్‌తో గీత పెట్టించాను. నాలుగు రోజులు, నాలుగు ఫోటోలు. నాలుగో రోజుకి గీతకి, ఫ్లూయిడ్‌కి మధ్య వేలి గోరు మందం గ్యాప్. బండి తిరిగింది మార్కెట్‌కి, గుడికి, అంతే. ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించేసరికి నాన్న మొదటిసారి "అవునురా, తగ్గుతోంది" అన్నారు.

ఆ రాత్రే బస్సెక్కాను.

కింద మరకలు లేవు, అయినా లీక్ ఉంది

మొదటి పని అట్టముక్కలు. ఆన్‌లైన్ ఆర్డర్ల డబ్బాలు మనందరి ఇళ్లలో ఉంటాయి. వాటిని చింపి నాలుగు చక్రాల కింద, ఇంజిన్ కింద రాత్రంతా పరిచి పొద్దున చూడండి.

మరక పడితే అది ఏంటో గుర్తుపట్టాలి. ఏసీ నుంచి కారేది ఉత్త నీళ్లు, అది మామూలే. కూలెంట్ ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ నల్లగా, చిక్కగా ఉంటుంది. బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తదైతే లేత తేనె రంగు, పాతదైతే టీ డికాక్షన్ లాగా ముదురు రంగు. పలచగా, జారుతూ ఉంటుంది. డౌట్ ఉంటే ఒక చుక్క గ్లాసు నీళ్లలో వేయండి. ఆయిల్ అయితే పైన తేలుతుంది, బ్రేక్ ఫ్లూయిడ్ నీళ్లలో కలిసిపోతుంది. ఆ గ్లాసు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. ఇది విషం. పిల్లలకి, కుక్కలకి అందకుండా చూడండి.

మనం అలవాటుగా "బ్రేక్ ఆయిల్" అంటాం కానీ అది ఆయిల్ కాదు. గ్లైకాల్ బేస్ ఉన్న వేరే రసాయనం. ఈ పేరు వల్లే కొందరు చేతికి దొరికిన ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో అందులో పోసేస్తారు. పెట్రోలియం ఆయిల్ తగిలితే బ్రేక్ లోపలి రబ్బర్ సీల్స్ ఉబ్బిపోతాయి. అప్పుడు చిన్న లీక్ కాస్తా సిస్టమ్‌లో రబ్బర్ భాగాలన్నీ మార్చే పని అవుతుంది.

సరే, మా అట్టముక్కలు పొద్దునకి ఎలా ఉన్నాయి? శుభ్రంగా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు. నాన్న నవ్వారు, "చూశావా?"

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. నేల పొడిగా ఉంటే లీక్ లేదని కాదు. ఫ్లూయిడ్ దాక్కునే చోట్లు ఉన్నాయి. ఒకటి, వెనక డ్రమ్ లోపల. అది మూత పెట్టిన గిన్నె లాంటిది, షూలు తడిసి, దుమ్ముతో ముద్ద అయ్యాక గానీ బయటికి రాదు. రెండు, మాస్టర్ సిలిండర్ వెనక ఉండే గుండ్రటి డబ్బా, అంటే బ్రేక్ బూస్టర్ లోపలికి. మూడు, కొన్ని కార్లలో హైడ్రాలిక్ క్లచ్ కూడా ఇదే రిజర్వాయర్‌లోంచి ఫ్లూయిడ్ తీసుకుంటుంది. అలాంటప్పుడు లీక్ క్లచ్ పెడల్ దగ్గర, కాళ్ల కింద మ్యాట్ లోపల దొరుకుతుంది.

పెడల్‌తో మూడు పరీక్షలు

బండి సమతలంగా నిలబెట్టి, ఇంజిన్ ఆఫ్ చేసి, న్యూట్రల్‌లో, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి చేయండి.

మొదటిది, పెడల్‌ని ఐదారుసార్లు నొక్కండి. గట్టిపడుతుంది. అప్పుడు గట్టిగా నొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. పెడల్ నెమ్మదిగా కిందికి జారిపోతోందా? జారితే బయట ఎక్కడో లీక్ ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీల్స్ పోయి ఫ్లూయిడ్ లోపలే వెనక్కి వెళ్తోంది. ఈ రెండో కేసులో చుక్క కూడా బయటపడదు, రిజర్వాయర్ లెవెల్ కూడా తగ్గదు.

రెండోది, పెడల్ నొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం దిగాలి. భయపడకండి, బూస్టర్ పనిచేస్తోందని అర్థం.

మూడోది, ఒకసారి నొక్కితే లోతుగా దిగి, వెంటవెంటనే రెండు మూడుసార్లు నొక్కితే పైకి వస్తోందా? అయితే లోపల గాలి ఉండొచ్చు, లేదా వెనక షూల అడ్జస్ట్‌మెంట్ లూజుగా ఉండొచ్చు.

మా కారు మూడింట్లోనూ పాస్. పెడల్ జారలేదు. ఫోటోలేమో లెవెల్ తగ్గుతోందని చెప్తున్నాయి. టెస్ట్ కేసులన్నీ పాస్ అయినా బగ్ లేదని గ్యారంటీ లేదని మా ఫీల్డ్‌లో అందరికీ తెలుసు కదా. సన్నగా ఊరే లీక్ అర నిమిషంలో పెడల్ మీద తెలియకపోవచ్చు. అందుకే వెతకడం ఆపలేదు.

ఫోన్ టార్చ్‌తో దొరికింది

వెతకడానికి ఆర్డర్ ఉండాలి. పైనుంచి మొదలు పెట్టండి. రిజర్వాయర్ మూత, అది మాస్టర్ సిలిండర్‌లో కూర్చునే చోట ఉండే రబ్బర్, తర్వాత మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కి అతుక్కునే జాయింట్. అక్కడ బూస్టర్ మీద పెయింట్ పొంగి ఊడి ఉంటే ఫ్లూయిడ్ కారిందని గుర్తు. ఆ తర్వాత ఇనుప పైపులు, ముఖ్యంగా తుప్పు పట్టిన చోట్లు, క్లిప్పుల కింద. తర్వాత చక్రాల దగ్గర రబ్బర్ గొట్టాలు, పగుళ్లు, ఉబ్బులు. చివరగా నాలుగు చక్రాల లోపలి వైపు.

బండి కిందకి దూరొద్దు. జాకీ మీద ఉన్న బండి కిందకి అసలే వద్దు. ఫోన్‌లో టార్చ్ వేసి, వీడియో ఆన్ చేసి, చెయ్యి మాత్రం పెట్టి చక్రం వెనక నెమ్మదిగా తిప్పండి. తర్వాత వీడియో పాజ్ చేస్తూ జూమ్ చేసి చూడండి.

ముందు రెండూ పొడి. వెనక కుడి పొడి. వెనక ఎడమ వీడియోలో, డ్రమ్ వెనక ఉండే రేకు పళ్లెం కింది అంచున, చెయ్యి వెడల్పున నల్లటి తడి మరక. చుట్టూ దుమ్ము ముద్దలా అతుక్కుని ఉంది.

అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. ఇంటి ముందు చిన్న వాలు ఉంది. నాన్న డ్రైవింగ్ సీట్లో కూర్చుని, పాదం బ్రేక్ పెడల్ మీద సిద్ధంగా పెట్టుకుని, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగారు. పెడల్ వదలగానే బండి మెల్లగా దొర్లింది.

నాన్న మొహం మారింది. నాకూ గుండె ఝల్లుమంది. ఎందుకంటే ఇలాంటి కార్లలో హ్యాండ్ బ్రేక్ వేరే సిస్టమ్ కాదు. అది కేబుల్‌తో లాగేది ఇవే వెనక షూలని. ఫ్లూయిడ్‌లో నానిన షూ డ్రమ్‌ని పట్టుకోదు. అంటే ఒక్క లీక్ వల్ల కాలి బ్రేకూ బలహీనపడుతుంది, అది పోతే కాపాడాల్సిన చేతి బ్రేకూ బలహీనపడుతుంది. బ్యాకప్ కూడా అదే హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నట్టు.

ఇదే ఈ ఎపిసోడ్‌లో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన పాయింట్. వెనక డ్రమ్‌లో లీక్ ఉంటే హ్యాండ్ బ్రేక్ ఉంది కదా అనే ధైర్యం పనికిరాదు. అక్కడితో బండి కదల్చలేదు. తెలిసిన వేరే మెకానిక్ బాబాయ్‌ని ఇంటికే పిలిచాం.

రిపేర్ ఎలా జరిగింది

బాబాయ్ వచ్చి ముందు చక్రాలకి రెండువైపులా రాళ్లు పెట్టారు. వెనక డ్రమ్ ఊడి రావాలంటే హ్యాండ్ బ్రేక్ దించి ఉండాలి కాబట్టి ఈ రాళ్లు తప్పనిసరి. వీల్ బోల్టులు బండి నేల మీద ఉన్నప్పుడే కొంచెం లూజు చేశారు. తర్వాత జాకీ, వెంటనే స్టాండ్. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టకండి, అవి ఒక్కసారిగా పగిలిపోతాయి.

డ్రమ్ తీశాక దుమ్ముని నోటితో గానీ, ఎయిర్ గన్‌తో గానీ ఊదనివ్వొద్దు. పాత షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకి ప్రమాదం. మాస్క్ పెట్టుకుని బ్రేక్ క్లీనర్ స్ప్రేతో తడిపి తుడిచారు.

లోపల రెండు షూలూ తడిసి మెరుస్తున్నాయి. పైన వేలెడంత వీల్ సిలిండర్. దానికి రెండు చివర్లా రబ్బర్ తొడుగులు. బాబాయ్ ఒక తొడుగు అంచు స్క్రూడ్రైవర్‌తో ఎత్తగానే నల్లటి ఫ్లూయిడ్ జారింది. లోపల కొంచెం చెమ్మ ఉంటే ఉండొచ్చు, కానీ ఇలా జారితే సిలిండర్ పోయినట్టే.

నేను స్ప్రింగుల ఫోటోలు నాలుగు వైపులా తీశాను. ఫోన్ ఉన్నది దీనికే. ఇంకో టిప్, రెండు పక్కలూ ఒకేసారి విప్పకండి. ఒకటి పూర్తయ్యేదాకా రెండోది మీకు రిఫరెన్స్.

తర్వాత సిలిండర్‌కి వచ్చే పైపు నట్టు. పద్దెనిమిదేళ్ల తుప్పు. మామూలు స్పానర్ పెడితే మూలలు అరిగిపోతాయి, లేదా పైపే మెలిక తిరుగుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు ఆగి, నట్టుని దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్‌తో తిప్పారు. కొత్తది బిగించేటప్పుడు మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పాలి, థ్రెడ్ తప్పకుండా.

పాత సిలిండర్ కోసి చూపించారు. లోపలి గోడ మీద చిన్న చిన్న తుప్పు గుంటలు. రబ్బర్ కప్ ఆ గుంటల మీద అటూ ఇటూ కదిలి కోసుకుపోయింది. ఆ గుంటలు ఎలా వచ్చాయి? బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. నాన్న దాన్ని చివరిసారి ఎప్పుడు మార్పించారో ఆయనకే గుర్తులేదు. పోయడమే తప్ప మార్చడం లేదు.

ఇక్కడ మీకు రెండు చౌక ఆఫర్లు రావొచ్చు. "కిట్ వేస్తే చాలు", అంటే రబ్బర్ కప్పులు మాత్రమే. సిలిండర్ లోపల నున్నగా ఉంటే పనిచేస్తుంది, గుంటలు ఉంటే కొత్త రబ్బర్ కూడా కొన్నాళ్లే. రెండోది, "షూలు పెట్రోల్‌తో కడిగి సాండ్ పేపర్ కొట్టేస్తా". ఒప్పుకోవద్దు. షూ మీది లైనింగ్ ఫ్లూయిడ్‌ని లోపలికి పీల్చుకుంటుంది. పైన కడిగినా, వేడెక్కినప్పుడు మళ్లీ ఊరుతుంది. షూలు రెండు చక్రాలకీ మార్చాలి. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి ఉంటే బ్రేక్ కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

మేం రెండు వైపులా సిలిండర్లు, షూలు మార్చాం. కుడివైపు సిలిండర్ ఇంకా కారట్లేదు, కానీ వయసు అదే, తాగిన ఫ్లూయిడ్ అదే.

గాలి తీయడం: ఇద్దరు ఉండాల్సిన పని

పైపు విప్పాక లోపలికి గాలి వెళ్తుంది. దాన్ని తీయడమే బ్లీడింగ్. నాన్న పెడల్ దగ్గర, బాబాయ్ చక్రం దగ్గర, నేను రిజర్వాయర్ దగ్గర. సిలిండర్ వెనక ఉన్న నిపుల్‌కి ఒక పారదర్శక ట్యూబ్, దాని రెండో చివర కొంచెం ఫ్లూయిడ్ ఉన్న సీసాలో మునిగి ఉంటుంది.

బాబాయ్ "నొక్కండి" అంటే నాన్న నొక్కి పట్టుకుంటారు. నిపుల్ తెరిస్తే బుడగలతో ఫ్లూయిడ్ వస్తుంది, పెడల్ దిగుతుంది. నిపుల్ బిగించాకే "వదలండి". ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి. బుడగలు ఆగి, శుభ్రమైన ఫ్లూయిడ్ వచ్చేదాకా ఇదే రిపీట్. నా పని రిజర్వాయర్ ఖాళీ కాకుండా పోస్తూ ఉండటం. అది ఒక్కసారి ఖాళీ అయితే మొత్తం మళ్లీ మొదటికి.

బాబాయ్ దగ్గర ఒక మంచి అలవాటు చూశాను. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టారు. ఎందుకంటే పాత మాస్టర్ సిలిండర్‌లో రోజూ వాడని చివరి భాగంలో తుప్పు, మడ్డి ఉంటాయి. పెడల్ నేల దాకా తొక్కితే సీల్స్ అక్కడిదాకా వెళ్లి చిరిగిపోవచ్చు. చక్రాల వరుస కారుని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లకి స్కానర్ కూడా కావాలి.

ఏ ఫ్లూయిడ్ పోయాలి?

రిజర్వాయర్ మూత మీదే రాసి ఉంటుంది, డాట్ 3 లేదా డాట్ 4 అని. ఆ నంబర్ల వెనక కనీస మరుగు ఉష్ణోగ్రతలు ఉన్నాయి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్, 3.7 శాతం నీరు చేరాక 140. డాట్ 4 కొత్తగా 230, నీరు చేరాక 155. అంటే పాతబడిన ఫ్లూయిడ్ చాలా తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేక్ మీద పాదం పెట్టే ఉంచితే లోపల ఆవిరి పుడుతుంది. ఆవిరి అంటే గాలి బుడగలాంటిదే, పెడల్ ఒక్కసారిగా మెత్తబడిపోతుంది. అందుకే దిగేటప్పుడు తక్కువ గేర్‌లో, ఇంజిన్‌తో స్పీడ్ కంట్రోల్ చేయాలని పెద్దవాళ్లు చెప్తారు. ఫ్లూయిడ్‌ని సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. సీల్ తీసి మూల పడేసిన పాత సీసా వాడొద్దు. డాట్ 5 అనేది సిలికోన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాల్ రకమే. డిస్క్ బ్రేక్ ఉన్న బైకుల వాళ్లూ, హ్యాండిల్ మీద ఉన్న ఆ చిన్న డబ్బా మూత చదవండి.

నడుస్తుండగా బ్రేక్ పోతే?

పెడల్‌ని వెంటవెంటనే పంప్ చేయండి, కొంత ఒత్తిడి రావొచ్చు. యాక్సిలరేటర్ వదిలి ఒక్కో గేరు తగ్గించండి. హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు లాక్ అయి బండి తిరిగిపోతుంది. హజార్డ్ లైట్లు, హారన్. బండి ఆగేదాకా తాళం తిప్పి తీయొద్దు, స్టీరింగ్ లాక్ అయిపోతుంది.

తర్వాత ఏమైంది

డ్రమ్ అడ్జస్ట్‌మెంట్, హ్యాండ్ బ్రేక్ కేబుల్ సెట్ చేశాక, ఇంజిన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా నొక్కి పట్టుకున్నాం. బాబాయ్ జాయింట్లు అన్నీ మళ్లీ టార్చ్‌తో చూశారు. అదే వాలు మీద హ్యాండ్ బ్రేక్ లాగితే ఈసారి బండి కదల్లేదు. ఖాళీ రోడ్డు మీద ఇరవై స్పీడులో మొదటి బ్రేక్, తర్వాత కొంచెం కొంచెం పెంచి. సామాను ఖర్చు రెండు వేలు దాటలేదు. బాబాయ్ కూలి వేరే.

శ్రీశైలం ప్రయాణం ఒక వారం వాయిదా వేయించాను. అమ్మ కొంచెం అలిగింది. ఆ వారం అంతా రోజూ ఫోటో. ఏడు ఫోటోలు, గీత దగ్గరే లెవెల్. అప్పుడు వెళ్లొచ్చారు.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున నాన్న దగ్గర్నుంచి గుడ్ మార్నింగ్ మెసేజ్‌తో పాటు ఒక రిజర్వాయర్ ఫోటో వస్తుంది.

మీకు ఈరోజు హోంవర్క్ చాలా చిన్నది. ఇంట్లో పాత కారు ఉంటే, అది మీరు నడపకపోయినా సరే, నాన్న నడిపినా, బాబాయ్ నడిపినా, వెళ్లి బానెట్ ఎత్తండి. ఆ తెల్ల డబ్బాకి ఒక ఫోటో తీయండి. వారం తర్వాత ఇంకోటి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే పోయడం దగ్గర ఆగిపోకండి, ఎటు పోతోందో అడగండి. మీ ఫోటోల్లో ఏం కనిపించిందో కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, జాగ్రత్తగా నడపండి.